వంక బతకాలంటే ముందు గుట్ట ఎక్కాలి: మీ ఊరి పరీవాహకాన్ని ఊరే బాగుచేసుకునే పద్ధతి

పెన్న వంతెన మీద బస్సు వెళ్తుంటే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కసారి తల తిప్పి ఏటిలోకి చూస్తారు. నీళ్లున్నాయా, లేవా అని. మా అనంతపురం వైపు పుట్టినవాళ్లందరికీ ఆ చూపు ఉంటుంది. ఎక్కువసార్లు కనిపించేది ఇసుక, దాని మధ్యలో పెరిగిన సర్కారు తుమ్మ.

నంది కొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్నకు 55 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరీవాహక ప్రాంతం ఉంది. అంత నేలను ఏ ఊరూ ఒంటిచేత్తో బాగుచేయలేదు. కానీ అందులోకి చేరే నీళ్లు ముందు ఎవరో ఒకరి ఊరి గుట్ట మీద పడతాయి. అక్కడి వంకలో దిగి, చిత్రావతిలోనో పాపాఘ్నిలోనో జయమంగళిలోనో కలిసి, ఆ తర్వాతే పెన్నకు చేరతాయి. ఆ మొదటి వంక మీది. నాలుగైదు వందల ఎకరాల నీళ్లు దిగే వంకనైతే ఒక ఊరు పట్టుబట్టి కొన్నేళ్లలో మార్చుకోగలదు. అది ఎలాగో, ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఇక్కడ రాస్తున్నాను. మెట్ట ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. రాయలసీమ, పాలమూరు, నల్లగొండ ఊళ్లకు దాదాపు ఇలాగే పనికొస్తుంది.

వానలో నడవండి

మొదటి పని కాగితం మీద మొదలుకాదు. మంచి వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని పదిమంది కలిసి వంక వెంట పైకి నడవండి. నీళ్లు ఎక్కడ ఎర్రగా వస్తున్నాయి, ఎక్కడ తేటగా వస్తున్నాయి, ఏ చేను గట్టు తెగింది, ఏ బండిబాట కాలువలా మారింది, ఇవన్నీ వానలోనే కనిపిస్తాయి. ఎండలో వెళ్తే రాళ్లు, ముళ్లే కనిపిస్తాయి.

ఎవరిని తీసుకెళ్తారన్నది ముఖ్యం. సర్పంచును, వార్డు సభ్యులను పిలవండి, మంచిదే. కానీ గొర్రెల కాపరి లేకుండా వెళ్లొద్దు. గుట్ట మీద ఏ మూలన ఊట ఉండేదో, ఏ ఏడు ఎండిందో చెప్పగలిగేది ఆయనే. కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, చెరువు కింద నీళ్లు వదిలే నీరుగంటి ఇంటివాళ్లు, బోరు ఎండిపోయిన రైతు, బోరు పారుతున్న రైతు, అందరూ ఉండాలి. తిరిగొచ్చాక బడి ఆవరణలో ముగ్గుపిండితో గుట్ట, వంక, చెరువు, బోర్లు గీయండి. అలా గీస్తుంటే చదువురాని పెద్దావిడ కూడా వంగి, "ఇక్కడ కాదు నాయనా, కుంట ఇంకా పైన ఉండేది" అని సరిదిద్దుతుంది. ఆ బొమ్మను కాగితం మీదికి ఎక్కించి దాచుకోండి.

మా ఊళ్లో ఈ నడక నడవలేదు. నేరుగా వంక అడుగున చెక్‌డ్యాం కట్టించుకున్నాం. సిమెంటు కట్టడం కళ్లకు కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది. మొదటి ఏడు నీళ్లు నిలిచాయి, పిల్లలు ఈత కొట్టారు. మూడో ఏటికి కట్ట నోటిదాకా ఇసుక, ఎర్రమట్టి నిండిపోయాయి. పైన గుట్ట బోడిగా ఉంటే ఎన్ని చెక్‌డ్యాంలు కట్టినా అవి మట్టిని దాచుకునే తొట్లే అవుతాయని అప్పుడు తెలిసింది. అందుకే పని గుట్ట నెత్తిన మొదలుపెట్టి వంక అడుగుకు దిగాలి. వాటర్‌షెడ్ పథకాల మార్గదర్శకాల్లో ఈ మాట ఉంటుంది, గోడల మీదా రాస్తారు. పనుల్లోకి వచ్చేసరికి మాత్రం తలకిందులవుతుంది.

వాన లెక్క, బోరు లెక్క

గ్రామసభలో మాట్లాడే ముందు రెండు లెక్కలు వేసుకోండి. బడిపిల్లలతో వేయిస్తే ఇంకా మంచిది.

ఎకరా మీద 1 మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్లు. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఎకరాకు సుమారు 22 లక్షల లీటర్లు. మీ వంకకు 500 ఎకరాల నేల నీళ్లు ఇస్తుంటే, పైనుంచి పడేది 110 కోట్ల లీటర్లు. అందులో పదో వంతు పారిపోయినా 11 కోట్ల లీటర్లు ఊరు దాటిపోయినట్టే. కరువు ఊరు అని మనం చెప్పుకునే చోట కూడా పడే నీళ్లు ఇన్ని.

ఇప్పుడు తీసే లెక్క. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లు పట్టిందనుకుంటే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18 వేలు. రోజుకు 7 గంటల కరెంటు, 100 రోజుల పంట అయితే ఒక్క బోరు 1 కోటీ 26 లక్షల లీటర్లు తోడుతుంది. అలాంటి బోర్లు తొమ్మిది ఉంటే వంకలో పారిపోయే 11 కోట్లూ సరి. మీ ఊళ్లో ఎన్ని ఉన్నాయి?

ఈ ప్రశ్న దగ్గర సభ నిశ్శబ్దమవుతుంది. కాసేపు అలాగే ఉండనివ్వండి.

గునపం పట్టకముందే బోర్ల ఒప్పందం

ఈ మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క మెట్టు మీదే. చాలా ఊళ్లలో కందకాలు తవ్వుతారు, కుంటలు కడతారు, రెండేళ్లకు బావుల్లో నీళ్లు ఒక మట్టు పెరుగుతాయి. పెరిగాయన్న వార్త పాకగానే డబ్బున్నవాళ్లు కొత్త బోర్లు వేస్తారు. గుట్ట మీద ఎండలో కందకం తవ్వింది కూలికి వెళ్లినవాళ్లు, నీళ్లు దక్కింది రిగ్గు పిలిపించుకోగలిగినవాళ్లకు. ఆ తర్వాత ఊరిని పనికి రమ్మంటే ఎవరొస్తారు? రాకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

మన నేల తీరు కూడా తెలుసుకోవాలి. ఇక్కడ అడుగున ఉన్నది గ్రానైటు బండ. నీళ్లు నిలిచేది పైన ఉన్న కుళ్లిన రాతి పొరలో, దాని కింద బండ చీలికల్లో. వెయ్యి అడుగులు వేసినా కొత్త సముద్రమేమీ దొరకదు. ఎక్కువ భాగం పక్కరైతు చీలికలో ఉన్న నీళ్లే ఇటు తిరుగుతాయి.

ఒప్పందంలో ఏముండాలి? కొత్త బోర్లు కొన్నేళ్లు ఆపడం. తాగునీటి బోరు చుట్టూ హద్దు పాటించడం. బోరు ఉన్నవాళ్లు పక్కనున్న మెట్ట రైతు పంటకు ఎండు సమయంలో ఒకటి రెండు తడులు ఇవ్వడం, బదులుగా ఆ మెట్ట రైతు తన పొలంలో కొత్త బోరు వేయకపోవడం. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్ల రైతులు ఈ పద్ధతిలో బోర్లను పైపులతో కలిపి, వాన పంటలను గట్టెక్కించుకున్నారు. బోరు యజమానికి ఇందులో ఏం లాభం అని అడుగుతారు. పక్కన పోటీ బోరు పడకపోవడమే ఆయన లాభం. దాన్ని డబ్బు రూపంలో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ఎండిన బోరు ఒక్కొక్కటి ఎంత అప్పు మిగిల్చిందో ఆయనకూ తెలుసు.

పంటల మాటా అందులో రావాలి. ఎకరా వరికి దాదాపు 50 లక్షల లీటర్లు కావాలి. వేరుశనగకు 20 లక్షలు, రాగికి 12 నుంచి 14 లక్షలు చాలు. ప్రతి ఏడు వానలు తగ్గాక అక్టోబరులో గ్రామసభ పెట్టి, ఎంత వాన పడింది, బావుల్లో ఎంత ఉంది, యాసంగికి ఎన్ని ఎకరాలు ఏ పంట వేయొచ్చు అని లెక్క చూసుకోవాలి. ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. మహారాష్ట్రలో ఇప్పుడు అహిల్యానగర్ అని పిలిచే అహ్మద్‌నగర్ జిల్లాలోని హివ్రే బజార్ ఊరు పోపట్‌రావ్ పవార్ సర్పంచుగా ఉండగా సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు వేయకూడదని కట్టుబాటు పెట్టుకుంది, ఏటా నీళ్ల లెక్క చూసుకునే అలవాటు చేసుకుంది. మన దగ్గరే 2000 తర్వాతి దశాబ్దంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో వందల ఊళ్ల రైతులు తామే వానమాపకాలు చూసి, బావుల లోతు కొలిచి, పంటల లెక్క వేసుకున్నారు. చదువు పెద్దగా లేని రైతులు భూగర్భజలాల శాఖ చేసే పనిని ఊళ్లో చేసి చూపించారు.

చట్టం కూడా మీకు అండగా ఉంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్ని అందరూ వాల్టా అంటారు. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బావి గానీ బోరు గానీ వేయకూడదని అందులో ఉంది. ఇసుక తవ్వకం, చెట్ల నరికివేత కూడా దాని కిందికే వస్తాయి. అయితే చట్టంతో బెదిరించి మొదలుపెట్టకండి. ముందు ఊరి ఒప్పందం. మాట తప్పినప్పుడు వాల్టా.

ఒప్పందాన్ని గ్రామసభ తీర్మానాల పుస్తకంలో రాయించండి, అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. గుడి దగ్గర చదివించే ఊళ్లున్నాయి. మీ ఊళ్లో ఏ చోట చెప్పిన మాటకు విలువ ఎక్కువో అక్కడ చదవండి.

గుట్ట ఎవరిదో కాగితంలో చూడండి

కళ్లముందు గుట్ట మన ఊరిదే. రికార్డులో అది బంజరనో, పోరంబోకనో, అటవీ భూమనో ఉంటుంది. అటవీ భూమి అయితే ఆ శాఖ అనుమతి, ఊరూ అటవీ శాఖా కలిసి ఉండే ఉమ్మడి కమిటీ లేకుండా గునపం దించకూడదు. రెవెన్యూ భూమి అయితే సర్వే నంబర్లన్నీ రాసుకుని, ఈ గుట్టలు ఊరి పశువులకు, నీళ్లకు ఆధారం అని గ్రామసభ తీర్మానం చేసి, కాపీ తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

దీన్ని ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, కల్పవల్లి గుట్టల కథ మన ముందుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ముందు 32 ఎకరాల బీడును కాపాడి పచ్చగా చేసింది. అది చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముష్టికోవెల వైపు గుట్టలను కాపాడటం మొదలుపెట్టారు. మంటలు ఆపారు, విత్తనాలు చల్లారు, కావలి పెట్టుకున్నారు. ఇప్పుడు ఏడు వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ గుట్టల మీద బోద గడ్డి, ఈతచెట్లు, తోడేళ్లు, నక్కలు ఉన్నాయి. కింద చెరువులకు నీళ్లు దిగుతున్నాయి. కానీ కాగితం మీద అది బంజరే. తర్వాత గాలిమరలు వచ్చి, వాటి కోసం గుట్టల నెత్తిన రోడ్లు కోసినప్పుడు, ఏళ్ల తరబడి కాపాడినవాళ్ల దగ్గర చూపించడానికి హక్కు పత్రం లేదు. మీరు చేసే తీర్మానం అన్నిటినీ ఆపుతుందని నేననను. అది లేకపోతే మాట్లాడటానికి కూడా చోటు ఉండదు.

నిప్పు, మేత, గొడ్డలి

గుట్ట పని అనగానే మొక్కలు నాటడం గుర్తొస్తుంది. మొదటి ఏడు అసలు నాటకండి. బోడిగా కనిపించే గుట్టలో కూడా మట్టి కింద వేర్లు బతికే ఉంటాయి. ఏటా గొడ్డలి దెబ్బ తిని, కాలిపోయి, గొర్రె కొరికి జానెడు ఎత్తులో పొదల్లా మిగిలిన దిరిసెన, రేల, వేప, తంగేడు మోళ్లకు మూడేళ్లు ఊపిరి ఆడనిస్తే మనిషెత్తు లేస్తాయి. నర్సరీ మొక్కకు లేని వేరు వాటికి ముందే ఉంది.

నిప్పు అసలు శత్రువు. డిసెంబరు నుంచి మే దాకా ఎండుగడ్డి అంటుకుంటే ఒక్క మధ్యాహ్నంలో పదేళ్ల పని బూడిద. నవంబరు, డిసెంబరుల్లో గుట్ట చుట్టూ, మధ్యలో అడ్డంగా, పది పదిహేను అడుగుల వెడల్పున గడ్డి కోసి నేల కనిపించేలా అగ్గి గీతలు తీయాలి. ఆ గడ్డిని పాడుచేయకుండా పశువులకు పంచండి. వేసవిలో ఇద్దరు కావలివాళ్లు తప్పనిసరి, వాళ్లకు నెల కూలి ఊరే ఇవ్వాలి. మంట కనిపిస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఇంట్లో పచ్చికొమ్మలు కొట్టే కత్తులున్నాయో ముందే రాసి పెట్టుకోండి.

కొందరు కాపరులు పాత గడ్డి కాలిస్తే వానకు లేత గడ్డి వస్తుందని నిప్పు పెడతారు. వాళ్లను దొంగల్లా చూస్తే పని చెడుతుంది. మందలు ఉన్న కుటుంబాలతో విడిగా కూర్చోండి. గుట్టను మూడు నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను వంతుల మీద మూసి, మిగిలినవి మేతకు వదలండి. మొత్తం మూసేస్తే ఆ మందలు పక్క ఊరి గుట్టను తినేస్తాయి, గొడవ అక్కడ మొదలవుతుంది.

రెండో ఏటి నుంచి విత్తనం వేయండి. మొదటి వానలకు ముందు సీతాఫలం, కానుగ, ఉసిరి, రేల గింజలు చిన్న గుంతల్లో, పొదల నీడన నాటాలి. చింతగింజలు ఒక రాత్రి నానబెట్టండి. వేపగింజ దాచుకుంటే చచ్చిపోతుంది, రాలిన కొద్దివారాల్లోనే నేలలో పడాలి. జామాయిల్ జోలికి వెళ్లొద్దు.

ఏ-ఫ్రేమ్ కట్టడం, కందకం తవ్వడం

కందకం ఎక్కడ తవ్వినా ఒకటే అనుకుంటారు. గుట్టకు అడ్డంగా, ఒకే మట్టంలో లేకపోతే అది కందకం కాదు, కాలువ. నీళ్లు ఒక చివరికి పరుగెత్తి, తెంచుకుని, కింద పెద్ద గండి పెడతాయి. మట్టం చూడటానికి సర్వేయరు అక్కర్లేదు, ఏ-ఫ్రేమ్ అనే కర్రల చట్రం చాలు.

ఏడడుగుల కర్రలు రెండు తీసుకుని తలల దగ్గర కట్టండి. కాళ్ల మధ్య ఆరడుగులు ఎడం ఉండాలి. నడుం దగ్గర నాలుగడుగుల అడ్డకర్ర బిగించండి. తల నుంచి ఒక దారానికి రాయి కట్టి, అడ్డకర్ర కిందిదాకా వేలాడేలా వదలండి. ఇప్పుడు దానికి మట్టం నేర్పాలి. రెండు కాళ్ల కింద నేల మీద గుర్తులు పెట్టి, దారం అడ్డకర్రను ఎక్కడ తాకిందో సుద్దతో గీయండి. ఫ్రేమును తిప్పి, కుడికాలు ఉన్నచోట ఎడమకాలు పెట్టి, మళ్లీ గీయండి. రెండు గీతలకు సరిగ్గా మధ్యన కత్తితో గాటు పెట్టండి. దారం ఆ గాటు మీద నిలిచిందంటే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. గాలి వీస్తుంటే రాయిని ఒక క్షణం చేత్తో ఆపి వదలండి.

గుట్ట మీద ఒక కాలు నిలిపి, రెండో కాలు పైకీ కిందికీ జరుపుతూ దారం గాటు మీదికి రాగానే సున్నం వేయండి. అలా అడుగు అడుగు తిప్పుకుంటూ పోతే గుట్టకు వడ్డాణం పెట్టినట్టు గీత వస్తుంది. గంటలో పదో తరగతి పిల్లలు నేర్చుకుంటారు.

ఆ గీత మీద పదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కందకాలు, మధ్య మధ్య ఎడం వదిలి తవ్వండి. కింది వరస కందకం పై వరస ఖాళీకి ఎదురుగా రావాలి. ఓ మోస్తరు వాలులో వరసల మధ్య 30 నుంచి 40 అడుగులు, వాలు పెరిగితే దగ్గరగా. తవ్విన మట్టి కిందివైపు, అంచుకు అడుగు దూరంలో వేయండి. అంచు మీదే పోస్తే మొదటి వానకు తిరిగి కందకంలోకే జారుతుంది. ఒక కందకంలో 640 లీటర్ల దాకా పడతాయి. ఎకరాకు 50 తవ్వితే ఒక్కసారి నిండితే 32 వేల లీటర్లు, అంటే 8 మిల్లీమీటర్ల వాన మొత్తం గుట్ట మీదే ఇంకుతుంది.

చెట్టు, పొద, మంచి గడ్డి ఉన్న చోట తవ్వొద్దు. కొలతల కోసం పచ్చటి గడ్డిని పెళ్లగించిన పనులు చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. బాగా నిటారుగా ఉన్న వాలునూ ముట్టుకోకండి, దానికి కాపలా చాలు.

వంక పిల్లలకు రాతి కట్టలు

గుట్ట నుంచి దిగే సన్నని వంకలకు సిమెంటు వద్దు. వదులుగా పేర్చిన రాతి కట్టలు చాలు, నీళ్లను ఆపకుండా నెమ్మది చేస్తే చాలు. మట్టి వెనక్కి దిగుతుంది, నీళ్లు రాళ్ల సందుల్లోంచి జారతాయి.

నేలలో అడుగు లోతు పునాది తీయండి. రెండు గట్లలోకీ అడుగున్నర చొప్పున రాళ్లు చొప్పించండి, లేకపోతే నీళ్లు పక్కనుంచి కోసుకుపోతాయి. పెద్ద రాళ్లు కిందివైపు, చిన్నవి లోపల. ఎత్తు మూడడుగులు మించొద్దు. నడుమ గట్ల కంటే అడుగు పల్లంగా ఉండాలి, వరద నీళ్లు అక్కడినుంచే దాటాలి. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండేలా దూరం పెట్టుకోండి. ఏ-ఫ్రేమ్ ఇక్కడా పనికొస్తుంది. గుట్టలో పాతుకుని ఉన్న రాళ్లను పెకలించి తేవొద్దు. ఆ రాయి కిందే మట్టి నిలబడి ఉంది. విడిగా దొర్లుతున్న రాళ్లే ఏరండి.

చేలు

చేలలో పని ఎవరి చేను వారిది కాబట్టి తేలిగ్గా జరుగుతుంది. వాలుకు అడ్డంగా దుక్కి, అడ్డంగా సాళ్లు, గట్టుకు రాళ్లతో నీళ్లు దాటే చోటు. వేరుశనగలో కంది సాళ్లు వేసుకునే పద్ధతి మనకు ఉండనే ఉంది. చేను పల్లపు మూల సేద్యపుకుంట తీస్తే, మట్టి పేరుకోకుండా నీళ్లు వచ్చే నోటి దగ్గర చిన్న గుంట తప్పక తీయండి.

చెరువు, చెక్‌డ్యాం, కింది ఊరు

గుట్ట పచ్చబడి, రాతి కట్టల వెనక మట్టి ఆగడం మొదలయ్యాకే కిందికి రండి. ముందుగా చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ ఆక్రమణల్లో ఉందేమో చూడండి. చాలా చెరువులు పూడిక వల్ల కంటే, నీళ్లొచ్చే దారి మూసుకుపోవడం వల్ల ఎండుతున్నాయి. ఆ తర్వాత తూము, మరవ మరమ్మతు. మరవను కొందరు అలుగంటారు, తెలంగాణలో మత్తడి. పేరేదైనా దాని ఎత్తు పెంచొద్దు. పెంచితే కట్టకే ముప్పు.

పూడికమట్టి వేసవిలో తీసి ఎర్రనేలల్లో తోలుకోండి. కట్ట పాదం దగ్గర తవ్వొద్దు. నల్లమట్టి అయిపోయి గరప తగిలితే ఆపేయండి. చెరువును గుంటలు గుంటలుగా తవ్వితే ఇటుకబట్టీల లాభమే తప్ప ఊరికి ఒరిగేదేమీ లేదు. వంకలో ఇసుక జోలికి ఎవరినీ రానివ్వకండి. ఆ ఇసుకే మీ ఊట.

చెక్‌డ్యాం కట్టే ముందు కింది ఊరివాళ్లను పిలిచి కూర్చోండి. మీరు ఆపే నీళ్లు వాళ్ల చెరువుకు వెళ్లేవే. ఈ తగువు పాతదే. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఉన్నాయి. పైనున్న మైసూరు కొత్త జలాశయాలు కడితే కింది మద్రాసు ఒప్పుకోవాలన్నది అందులో మాట. ఊళ్ల స్థాయిలోనూ అదే మర్యాద పాటించాలి. రాజస్థాన్‌లో అల్వార్ జిల్లా అర్వరీ నది కథ వినే ఉంటారు. 1985 నుంచి రాజేంద్ర సింగ్, ఆయన సంస్థ తరుణ్ భారత్ సంఘ్ తోడుగా ఊళ్లు జోహడ్‌లనే మట్టి కుంటలు కట్టుకుంటే ఎండిన నది మళ్లీ పారింది. కానీ నేను ఎక్కువ గౌరవించేది ఆ తర్వాత జరిగినదాన్ని. నది వెంట ఉన్న 70 ఊళ్లు కలిసి అర్వరీ సంసద్ అని, అంటే నదికి ఒక పార్లమెంటులా, ఏర్పాటు చేసుకుని, ఎవరు ఏ పంట వేయాలో, ఎంత తోడాలో తామే నిర్ణయించుకున్నాయి. మీ వంక మీద మూడు ఊళ్లుంటే మూడు ఊళ్లకూ ఒక కమిటీ చాలు. అందులో కింది ఊరి మనిషిని అధ్యక్షుడిగా పెట్టండి.

డబ్బు, మరమ్మతు

గ్రామీణ ఉపాధి హామీ దేశంలో మొదలైందే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. పథకాల పేర్లు, నియమాలు మారుతుంటాయి. మీ పని జాబితా మాత్రం మీ చేతిలో సిద్ధంగా ఉండాలి. కందకాలు, రాతి కట్టలు, పూడికతీత సర్వే నంబర్లతో సహా గ్రామసభ తీర్మానంలోకి ఎక్కించండి. పైనుంచి ఎవరో తయారుచేసిన జాబితాకు చేతులెత్తితే చెక్‌డ్యాంతోనే మొదలవుతుంది.

మరమ్మతుకు మాత్రం బయటి డబ్బు రాదు. కల్పవల్లిలో లాగా బోద గడ్డి, ఈత, సీతాఫలం మీద వచ్చే ఆదాయంలో కొంత ఊరి ఖాతాలో వేయొచ్చు. చెరువు చేపల వేలం డబ్బు ఉంటే అదీ. ఏటా మే నెలాఖరులో ఒక రోజు ఊరంతా గుట్ట ఎక్కి, జారిన రాళ్లు పేర్చి, కందకాల్లో మట్టి తీయాలి. ఆ రోజు సంగటి, ఊరిబిండి అక్కడే వండుకోండి. జనం వస్తారు.

ఏం మారిందో కొలవండి

బడి మిద్దె మీద వానమాపకం పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలతో చదివించి గోడ మీద రాయించండి. వాడకంలో లేని రెండు మూడు బావుల్లో ప్రతి నెలా ఒకటో తేదీన తాడుతో నీళ్ల లోతు కొలవండి. గుట్టను ఒకే రాయి మీద నిలబడి ఏటా ఒకే నెలలో ఫొటో తీయండి. గడ్డిలో మార్పు రెండో ఏడే కనిపిస్తుంది. బావుల్లో నీళ్లకు ఓపిక పట్టాలి, మధ్యలో కరువు ఏడు వస్తే ఇంకా ఆలస్యం. ఆ మాట మొదటి సభలోనే చెప్పేయండి.

ఇంకొకటి చేయండి, ఖర్చేమీ లేదు. ఏటా మొదటి పెద్ద వానకు వంక పారగానే, ఒకే చోట, లీటరు గాజుసీసాలో ఆ నీళ్లు ముంచండి. ఒక రాత్రి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది. స్కేలు పెట్టి ఆ మట్టి మందం కొలిచి, సీసా మీద తేదీ, వాన ఎంత పడిందీ రాసి మూత బిగించండి. పంచాయతీ ఆఫీసు కిటికీలో, లోపలికి వచ్చే ప్రతివాళ్లకూ కనిపించేలా, ఈ ఏటి సీసాను పోయినేటి సీసా పక్కన పెట్టండి.